కిటికీ అంచు

ఏమోయ్ పెద్దమనిషీ, రంగు వెయ్యడమంటే బ్రష్షు ముంచి గోడకి పులమడమే అనుకుంటున్నావు కదూ? గోడా కిటికీ చెక్కా కలిసేచోట ఓసారి చెయ్యి పెట్టు, చూద్దాం. అచ్చం నీ క్రాపులాగే వస్తుంది, వంకరటింకరగా. నవ్వకు. నువ్వు తగలేసినవి దిద్దడానికే గీతల మేస్త్రి అని ఒకాయన ఉండేవాడు.

ఆ పొద్దున ఆయన తన ఇంట్లోనే, భార్య మంచం పక్కనున్న కిటికీ చెక్కని గరుకు కాగితంతో రుద్దుతున్నాడు. మోచేతుల దాకా ఎండిన రంగు చుక్కలు. నలభై ఏళ్ళు పరాయి ఇళ్ళ తలుపులకీ కిటికీలకీ ఒట్టి చేత్తో అంచులు దిద్దాడు. గోడకి రంగు తగలకుండా టేపు అంటించుకుని వేసేవాళ్ళని చూసి, "మూతికి గుడ్డ కట్టుకుని తింటారట్రా?" అని ఏడిపించేవాడు. అలాంటివాడికి ఆర్నెల్లుగా కుడిచెయ్యి వణుకుతోంది.

అది ఆవిడకి తెలియకూడదు. డాక్టరు ఇంటికి తీసుకెళ్ళిపొమ్మన్నాక తన తరవాత ఈయన ఎలా బతుకుతాడన్నదొక్కటే ఆవిడకి మిగిలిన బెంగ.

"నీ చెయ్యి ఆడినన్నాళ్ళూ నువ్వు ఒకరి ముఖం చూడక్కర్లేదయ్యా. అది చూసుకునే ధైర్యంగా పోతా."

"అబ్బో, ఏం తొందర! రంగు ఆరనివ్వవే ముందు."

మధ్యాహ్నం ఆవిడకి మాగన్నుగా నిద్ర పట్టింది. ఆయన జేబులోంచి టేపు తీసి, చప్పుడు కాకుండా కిటికీ చెక్క వెంబడి గోడకి అంటించి, గోటితో నొక్కాడు. ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని చెక్కకి నీలం రంగు వేశాడు. పచ్చిగా ఉండగానే టేపుని ఏటవాలుగా లాగి, ఉండచుట్టి జేబులో కుక్కాడు. గీత కత్తితో కోసినట్టు వచ్చింది.

ఆవిడ కళ్ళు తెరిచింది. "అప్పుడే అయిపోయిందా?"

"నువ్వు రెండు గురకలు పెట్టేలోపే."

"నేను గురక పెడతానా?"

"నువ్వెందుకు పెడతావ్, కిటికీ పెట్టింది."

నవ్వబోతే దగ్గు వచ్చింది. కిటికీవైపు ఒత్తిగిల్లి చాలాసేపు దగ్గింది.

"పచ్చి రంగే. ముట్టుకోకు."

"ముట్టుకోలేదులే." గీత వంక చూస్తూ అంది, "ఎంత తిన్నగా ఉందయ్యా! ఇంక నాకే బెంగా లేదు."

ఆయన పెరట్లో ఈలవేస్తూ బ్రష్షు కడిగాడు. టీ కాచి తెచ్చి పిలిచాడు. మళ్ళీ పిలిచాడు. గ్లాసు కిందపెట్టి మంచం అంచున కూర్చున్నాడు.

చాలాసేపటికి ఆవిడ చెయ్యి చేతిలోకి తీసుకున్నాడు. చూపుడువేలికి నీలం రంగు.

టేపు తీసిన రంగుకి అంచున సన్నటి మిట్ట ఉంటుంది. కంటికి ఆనదు, వేలికి తెలుస్తుంది. పెళ్ళయిన కొత్తలో, ఏది ఒట్టి చేతి గీతో ఏది టేపు గీతో చెప్పమని ఆవిడ వేలు పట్టుకుని తడిమించిందీ ఆయనే. ఆవిడ ఒక్కసారీ తప్పు చెప్పలేదు.

ఇప్పుడు చెప్పవోయ్, ఎవరు ఎవరి చెవిలో పువ్వు పెట్టారు? బెంగ తీర్చి పంపాననుకుని ఈలవేసిన మేస్త్రి ఆ కిటికీకి మళ్ళీ రంగు వెయ్యలేదు. నీలం అంచు మీద, జానెడు మేర, వేలు నెమ్మదిగా జారిన గాడి అలాగే ఆరిపోయింది.