బావగారి కుడిచెయ్యి

సెలూన్ నడిపే పెద్దాయన్ని వీధంతా బావగారనే పిలుస్తుంది. బామ్మర్ది రోజూ వచ్చి "బావగారూ!" అని గొంతు చించుకుంటుంటే, అసలు పేరు ఎవరికి గుర్తుంటుంది? ఆ బావగారికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. నోరు మాత్రం చెక్కుచెదరలేదు.

కత్తి పట్టలేని బతుకూ ఒక బతుకేనా అని ఆయన లోలోపల కుమిలిపోయాడు. పైకి మాత్రం పెళ్ళాం మీద కేకలేశాడు. ఏం చేస్తాం, కొందరికి ఏడవడం అలాగే వచ్చు!

వ్యాయామం చేయించడానికి ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చేది.

"చచ్చిపోయిన మెదడు కణాలు తిరిగి రావు తాతగారూ. కానీ పక్కనున్నవి కొత్త కొమ్మలేసి వాటి పని నేర్చుకుంటాయి. మనం నేర్పాలంతే."

"మొక్కై వంగనిది మానై వంగుతుందా తల్లీ?"

"మెదడు మాను కాదండీ. బతికున్నన్నాళ్ళూ వంగుతూనే ఉంటుంది."

బల్ల మీద అద్దం నిలబెట్టి, కుడిచేతిని దాని వెనక దాచమంది. ఎడమచేతిని ఆడిస్తూ అద్దంలో చూడమంది. అక్కడ కదిలేది కుడిచెయ్యే అనుకుని మెదడు కొత్త దారి వెతుక్కుంటుందట.

"జీవితమంతా జనానికి అద్దం చూపించినవాణ్ణి, నాకే చూపిస్తావా!" అని బావగారు నవ్వాడు. చెయ్యమన్నది చేశాడు. ఎన్నాళ్ళు చేసినా వేలు కదిలితే ఒట్టు.

చివరికి భార్య పక్కన కూర్చుని చూస్తే సంగతి బయటపడింది. ఈ మహానుభావుడు చేతిని చూస్తేగా! తల వంచి, చెవి పక్కన ఏపుగా పెరిగిన తన వెంట్రుకల్నే చూసుకుంటున్నాడు. అద్దం కనబడితే కళ్ళు జుట్టు మీదికే పోతాయి మరి, వృత్తి అలాంటిది.

"సింగారం తర్వాత! ముందు చెయ్యి చూడండి!" అని కసిరి, మొహం కనబడే మేర అద్దానికి కాగితం అతికించేసింది.

ఆ తర్వాత చూపుడువేలు కదిలింది. కొన్నాళ్ళకి చేతిలో చెంచా నిలిచింది, ఆపైన బ్రష్షు. రబ్బరు బుడగలు ఊది, సబ్బునురగ రాసి, కత్తితో గీయడం మొదలుపెట్టాడు. ఇల్లంతా ఢామ్ ఢామ్! పగలకుండా బుడగ నున్నగా మిగిలిన రోజున బామ్మర్ది వచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"బుడగలకి పెళ్ళాంబిడ్డలు లేరు బావగారూ, నాకున్నారు. అయినా కానివ్వండి."

"నోర్మూసుకో, తెగుతుంది!" అన్నాడు బావగారు. ఈ గడ్డం దగ్గర చెయ్యి తప్పితే ఇక షాపు మూసేయడమే.

ఒక చెంప అయింది. గొంతు దగ్గరికి వచ్చాడు. క్షణం నోరు మూయని బామ్మర్ది చప్పుడు చేయడం లేదు. తల పక్కకి వాలిపోయింది. బావగారికి పై ప్రాణాలు పైనే పోయాయి. రక్తం ఉందేమోనని నురగంతా వెతికాడు, ఎక్కడా లేదు.

"ఏమైందండీ తమ్ముడికి?" అని భార్య పరుగెత్తుకొచ్చింది.

బామ్మర్ది గుర్రుమన్నాడు. గాఢనిద్ర!

బావగారు కత్తి వైపు చూశాడు, తన చేతి వైపు చూశాడు. ఈ కత్తి పని తలలో ఏ పక్కింటి కణాలు నేర్చుకున్నాయో గానీ, బాగానే నేర్చుకున్నాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నా చేతి కింద మనిషి నిద్రపోయాడే!" అన్నాడు గొంతు తగ్గించి. "హమ్మయ్య, నేను మళ్ళీ మనుషుల్లో పడ్డాను."

భార్యని చప్పుడు చేయొద్దని సైగ చేసి, వాడికి మెలకువ రాకుండా రెండో చెంప మొదలుపెట్టాడు.