చంద్రకాంతం తీసిన రేకు

సూది వేయించుకున్న మర్నాడు పొద్దున్నే సత్యవేణి కుడిభుజంలోంచి నొప్పి దిగి, వీధి అరుగు మీద కూర్చుంటుంది. వచ్చేపోయేవాళ్లను చూస్తూ ఉంటుంది. సత్యవేణి దానికి కాఫీ ఇస్తుంది. ఇన్నేళ్లు ఒంట్లో ఉన్నదాన్ని కసురుకోలేదు కదా.

ఆత్రేయపురంలో పూతరేకులు తీసిన భుజం అది. బోర్లించిన కుండ కింద మంట, కుండ మీద పిండినీళ్లలో ముంచిన గుడ్డతో ఒక్క లాగు, అంతలోనే పొరలాంటి రేకు. ఆ లాగుళ్లన్నీ చేరి కీలును పట్టేశాయి. రావులపాలెం డాక్టరమ్మ అందులోకి స్టెరాయిడ్ ఎక్కిస్తూ ముందే చెప్పింది.

"మీకు షుగరుంది కాబట్టి కొన్నాళ్లు బాగా పెరుగుతుందండి. కంగారు పడకండి. మాత్రలు మానొద్దు, మంచినీళ్లు తాగుతూ ఉండండి, రోజూ చూసుకోండి. దిగకపోతే వెంటనే ఫోన్ చెయ్యండి."

పెరుగుతోంది. వేలు గుచ్చి చూస్తే మిషన్‌లో అంకె ఎక్కువే. మిషన్ చెప్పకపోయినా తెలుస్తూనే ఉంది. వంటింట్లో గచ్చులోంచి పంచదార ఊరుతోంది, తెల్లగా, చప్పుడు లేకుండా.

ఎదురింటి సుభాషిణి గోడ మీంచి అడుగుతుంది, గోదావరికి వరదొచ్చినప్పుడు అడిగినట్టే.

"ఎందాకొచ్చిందండీ పిన్నిగారూ?"

"మోకాళ్ల కిందుందమ్మా."

"మా అత్తయ్యగారికి సూదేసినప్పుడు కిటికీల దాకా వచ్చిందండి. వారం తిరక్కుండా తీసేసింది."

మధ్యాహ్నానికి పంచదార నడుం దాకా వస్తుంది. దాని మీద ఒక్కొక్కటే తేలుతూ వస్తాయి: పగిలిన చిమ్నీ లాంతరు, పిల్లల ఉగ్గుగిన్నె, ఎప్పుడో అమ్మేసిన మర్ఫీ రేడియో. చివరికి మండుతున్న పొయ్యి, పొయ్యి మీద కుండ, కుండ ముందు పీట వేసుకుని చంద్రకాంతం.

చంద్రకాంతం ఆమె పెద్ద తోటికోడలు. ఒకే పొయ్యి దగ్గర ఇద్దరూ కాపరాలు ఈదారు. ఆవిడకీ షుగరే. పరీక్ష చేయించుకోమంటే నవ్వేసేది. ఎవరికీ చెప్పకుండా నోరెండబెట్టుకుని, ఒక మాఘమాసంలో వెళ్లిపోయింది. ఇప్పుడు నిలువెల్లా పంచదారగా ఉంది. మోచెయ్యి కదిపితే ఎండకు తళుక్కుమంటోంది.

"రావే సత్యా, పిండి పులిసిపోతోంది. భుజం ఖాళీయేనా?"

"ఖాళీయే అక్కా. అరుగు మీద కూర్చుంది."

"అయితే అది లేచొచ్చేలోపు తీసేద్దాం."

ఇద్దరూ తీస్తారు. సత్యవేణి చెయ్యి కొత్త కోడలి చెయ్యిలా తిరుగుతుంది. ఎండుతాటాకుల పొగ వాసన. పెళ్లి ఆర్డరు వస్తే వర్షంలో కూడా పొయ్యి ఆర్పని రోజులు. ఒకే పట్టుచీర వంతులవారీగా కట్టుకుని, మాసిందెవరివల్లో అని దెబ్బలాడుకున్న రోజులు. రేకులు వాటంతటవే లేచి, దండెం మీద వరసగా కూర్చుని, ఆ తగువు మళ్లీ వింటాయి.

పంచదార రొమ్ముల దాకా వస్తుంది. సత్యవేణి నాలుక అంగిలికి అంటుకుపోతుంది. పక్కనే మంచినీళ్ల బిందె. ఆమె అటు చూడదు. ఈ పంచదార దిగకుండా ఉండిపోతే రోజూ మధ్యాహ్నం అక్క ఇలాగే వస్తుంది.

"దాహమేస్తోందా?" చంద్రకాంతం అడుగుతుంది.

"లేదక్కా."

"నేనూ అలాగే అనేదాన్ని." ఆవిడ గుడ్డ పక్కన పెట్టి, గ్లాసుతో నీళ్లు ముంచి ఇస్తుంది. "తాగు."

"తాగితే నువ్వు కరిగిపోతావు."

"పంచదారనయ్యాక కరక్క ఏం చేస్తానే? నా దగ్గరికి రావడానికి నీకింకా టైముంది. తాగమంటుంటే!"

సత్యవేణి తాగుతుంది. చంద్రకాంతం పాదాలు పోతాయి. మళ్లీ తాగుతుంది. చీర కుచ్చిళ్లు పోతాయి. ఏడుస్తూనే తాగుతుంది. కన్నీళ్లు కూడా మెల్లిగా ఉప్పదనానికి తిరుగుతాయి. ముఖం కరిగేముందు చంద్రకాంతం తృప్తిగా తలాడిస్తుంది. మిగిలిన చెయ్యి మాత్రం గుడ్డ తీసుకుని ఇంకొక్క లాగు లాగి, అదీ పోతుంది.

ఆ రేకును సత్యవేణి గోటితో లేపి వెలుగుకు పెట్టి చూస్తుంది. ఎక్కడా చిల్లు లేదు.

సాయంత్రం పంచదార తీత పట్టి, కరిగిన చంద్రకాంతంతో సహా తూములోంచి వీధి చివరి కాలవలోకి జారిపోతుంది. మిషన్‌లో అంకె కూడా కిందికి మొగ్గుతుంది.

పొద్దు గూకకముందే ఆ కాలవే గట్టు దిగి సందులోకి వస్తుంది. ఎవరి ముగ్గూ తడవకుండా పక్కపక్కగా నడిచి, సత్యవేణి పెరట్లోకి వచ్చి, అలసిపోయినట్టు కూలబడుతుంది. నోరు పిడచకట్టిన వాసన. తన కొసను తెచ్చి ఆమె ఒళ్లో పెడుతుంది.

సత్యవేణి దాన్ని కొంగుతో తుడుస్తుంది. మిషన్ పక్కన పెట్టుకుని, వేలు గుచ్చుకునే సూది కొత్తది తీస్తుంది.

"కదలకక్కా," అంటుంది.

కాలవ ముఖం అటు తిప్పుకుంటుంది. కొస మీద ఒక చుక్క ఊరుతుంది. చుక్కలో ఒక పడవ ఒడ్డుకు తొందరపడుతోంది. అది దిగాల్సినవాళ్లను దింపేదాకా సత్యవేణి ఆగుతుంది.