వాలు చూసుకుని ఆగే లారీ

తాళాలు బల్ల మీద విసిరిన రోజున డ్రైవరు కాళ్ళు నేల మీద ఆనలేదు. ఆ బల్ల తోడల్లుడిది. ఆ తాళాలు తోడల్లుడి లారీవి. ఆ లారీ నిలబడే కలప డిపో కూడా తోడల్లుడిదే. పేరుకి ఇద్దరూ ఒకే ఇంటి అల్లుళ్ళు. కానీ పెద్దల్లుడు కుర్చీలో కూర్చుని వేలు చూపిస్తే, చిన్నల్లుడు ఆ వేలు చూపిన చోటికి దుంగలు తోలేవాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ అదే వేలు, అదే రోడ్డు.

"నా బండి నేనే కొనుక్కుంటా అన్నయ్యా. ఇక జీతం గీతం వద్దు. లోడుకింత అని కిరాయి మాట్లాడుకుని తోలతా. ఇష్టమైతే పిలవండి, లేకపోతే మానెయ్యండి" అని హమాలీలందరూ వింటుండగా అనేశాడు.

తోడల్లుడు చెవిలో పుల్ల తిప్పుకోవడం కూడా ఆపలేదు. "అలాగే కానీ తమ్ముడూ. తిరిగొచ్చినప్పుడు తాళాలు ఈ బల్ల మీదే ఉంటాయి. వెతుక్కోవద్దు" అన్నాడు.

ఆ మాట ముల్లులా దిగింది. తిరిగి ఆ తాళాలు ముట్టుకుంటే తను మగాడే కాదని పెళ్ళాం ముందు ఒట్టు పెట్టుకుని, డ్రైవరు ఊళ్ళు దాటి ఊళ్ళు దాటి, మిలిటరీవాళ్ళు వదిలించుకున్న బళ్ళు అమ్మే చోటికి వెళ్ళాడు. తోడుగా బావమరిదిని తీసుకుపోయాడు. బావమరిది మంగలిషాపు నడుపుతాడు. చేతిలో కత్తెర లేకపోయినా నోట్లో ఎప్పుడూ ఒకటి ఆడుతుంటుంది. పైగా తోడల్లుడికీ అతనే బావమరిది కాబట్టి, ఎవరు గెలిచినా అతనికి నష్టం లేదు.

అక్కడ కనిపించింది లారీ. ఏనుగు మీద గుడారం వేసినట్టుంది. ఆరు చక్రాలు, ఒళ్ళంతా ముదురాకుపచ్చ రంగు, తలుపు మీద తెల్లటి అంకెలు. డ్రైవరు టైర్లు గుద్ది చూశాడు. బానెట్టుకు చెవి ఆనించి విన్నాడు. కింద దూరి ఒక్కొక్క బోల్టునీ పలకరించాడు. చూడనిదల్లా ఆ బండిని నిలబెట్టిన నేల.

అమ్మేవాడు ఎక్కి కూర్చుని హ్యాండ్ బ్రేకు వదిలాడు. బండి దానంతటదే నాలుగడుగులు నడిచి, ఒక్కసారి గర్జించి లేచింది.

"చూశారా సార్! మిలిటరీ బండి. సెల్ఫ్ కొట్టండి, మీట నొక్కండి అని గారాలు పోదు. కదిలితే చాలు, ప్రాణం వచ్చేస్తుంది" అన్నాడు అమ్మేవాడు. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

బండి కొనుక్కుని బయల్దేరి, పొద్దెక్కే వేళకి టీకొట్టు దగ్గర ఆపారు. టీ తాగి వచ్చి డ్రైవరు సెల్ఫ్ మీట నొక్కాడు. టిక్కుమంది. మళ్ళీ నొక్కాడు. ఈసారి ఆ టిక్కు కూడా అనలేదు. అప్పుడు దిగి నేల వంక చూశాడు. పీట వేసినట్టు చదునుగా ఉంది. అమ్మేవాడి ఆవరణలో బండి ముక్కు ఎందుకు కిందికి ఉందో అప్పుడు తెలిసొచ్చింది.

"బావా, మనం లారీ కొన్నామా, జారుడుబల్ల కొన్నామా?" అన్నాడు బావమరిది.

"నోర్మూసుకుని తొయ్యి."

బావమరిది ఒక్కడు తోస్తే ఆ బండికి గాలి తగిలినట్టు కూడా ఉండదు. కానీ అతనిది తన జుట్టు తనే కత్తిరించుకున్న పొట్టి క్రాపు. వేసుకున్నది ఖాకీ చొక్కా. టీకొట్టు దగ్గర జనం గుసగుసలాడుకున్నారు. బస్సు దిగినవాళ్ళు చుట్టూ చేరారు.

"బోర్డరుకా సార్?" అని ఒకాయన గొంతు తగ్గించి అడిగాడు.

"అది చెప్పకూడదండీ" అన్నాడు బావమరిది.

అంతే. తాగుతున్న టీ పక్కన పెట్టి బస్సుకి బస్సు జనం వచ్చి తోశారు. కండక్టరు తోశాడు. టికెట్టు లేనివాడు అందరికంటే గట్టిగా తోశాడు. బండి గర్జించి కదిలేసరికి ట్రాఫిక్ పోలీసు సెల్యూట్ కొట్టాడు. ఓ ముసలాయన పరిగెత్తుకొచ్చి కిటికీలోంచి అరటిపళ్ళు అందించాడు.

"వాళ్ళకి నిజం చెప్పొద్దట్రా?" అన్నాడు డ్రైవరు సిగ్గుపడుతూ.

"చెబితే తోస్తారా బావా? పండు తిను."

అప్పట్నుంచి వాళ్ళకి లోకం కొత్తగా కనిపించింది. ఆగాలంటే ముందు వాలు చూసుకోవాలి. చదునుగా కనిపించే రోడ్డు నిజానికి ఎటు ఒరిగిందో బావమరిది మంచినీళ్ళ సీసా పడుకోబెట్టి కనిపెట్టేవాడు. మంచి భోజనం పెట్టే హోటళ్ళన్నీ చదును నేల మీదే ఉంటాయని అప్పుడే తెలిసింది. వాలు మీదున్న హోటల్లో కూరలో ముక్క దొరకాలంటే ఈత రావాలి. పడుకున్నదీ వాలు మీదే. లారీ తొట్టిలో తల ఎటు పెట్టినా, తెల్లారేసరికి ఇద్దరూ ముందుకు జారి కోడిపిల్లల్లా ఒకే మూలలో ఉండేవాళ్ళు. ఓసారి వంతెన దిగుడు బాగుందని పక్కకి ఆపి కునుకు తీశారు. మిలిటరీ బండిని దాటిపోవడానికి భయపడి వెనకొచ్చిన బళ్ళన్నీ బారుగా ఆగిపోయాయి. వీళ్ళు లేచేసరికి ఆ బారు పక్కన పల్లీలవాళ్ళూ సోడాలవాళ్ళూ వెలిశారట. నమ్మినవాళ్ళు నమ్మారు. నమ్మనివాళ్ళకి బావమరిది ఆ సంగతి మళ్ళీ చెబుతాడు, బారు ఇంకాస్త పొడుగు చేసి.

ఒక మెకానిక్ షెడ్డు అదృష్టవశాత్తూ వాలు మీదే దొరికింది. మెకానిక్ సెల్ఫ్ మోటారు విప్పి, లోపలికి చూసి, మళ్ళీ మూసేసి చేతులు తుడుచుకున్నాడు.

"బాగవుతుందా?"

"దీని సామాను మీ తాతగారి రోజుల్లోనే ఆగిపోయిందండీ. ఇంకో సెల్ఫ్ దొరకాలంటే ఇంకో యుద్ధం రావాలి."

అయినా డ్రైవరు దిగులు పడలేదు. ఇంజను రాయిలాంటిది. ఎత్తు ఎక్కుతుంటే ఉడుం పట్టు. ఇలాంటి బండితో ఎంత బరువైనా తోలొచ్చు. కిరాయి తనే చెప్పొచ్చు. దారి పొడుగునా అదే లెక్క వేసుకుంటూ, మీసం మీద ఓ చెయ్యి, స్టీరింగు మీద ఓ చెయ్యి వేసుకుని వచ్చాడు. తీరా ఊరు దగ్గర పడ్డాక బావమరిది గొంతు సవరించుకున్నాడు.

"బావా, ఒక్క మాట అడగనా?"

"అడక్కు."

"మీ ఇంటి ముందు వాలుందా?"

డ్రైవరు చెయ్యి మీసం మీంచి కిందికి దిగింది. వాళ్ళ ఊరు అరచెయ్యిలాంటి ఊరు. వాన పడితే నీళ్ళు ఎటు పోవాలో తెలియక నిలబడి ఆలోచిస్తాయి.

"తోసేవాళ్ళున్నారుగా" అన్నాడు డ్రైవరు నీరసంగా.

"ఇక్కడెవరు తోస్తారు బావా? సగం ఊరికి గడ్డం గీసేవాణ్ణి. నేను బోర్డరుకెళ్తున్నానంటే నవ్వి ఛస్తారు."

ఇంటి దగ్గర పెళ్ళాం బండి కోసం జాగా చేసి ఉంచింది. బట్టలారేసే తాడు విప్పింది. పూలకుండీలు గోడవారకి జరిపింది. ఇరుగుపొరుగుని పిలిచింది. ఆకుపచ్చ కొండలాగా లారీ సందు మలుపు తిరగ్గానే అందరూ చప్పట్లు కొట్టారు. లారీ మెల్లగా వచ్చింది. ఇంటి ముందుకి వచ్చింది. ఇల్లు దాటి వెళ్ళిపోయింది.

"ఏవండోయ్! మన ఇల్లు ఇదేనండీ!"

"తెలుసే! వస్తున్నా!"

చుట్టు తిరిగి మళ్ళీ వచ్చింది. "ఏమైందండీ? బ్రేకులు లేవా?"

"ఉన్నాయే! చెప్తా!"

ఇంకో చుట్టుకి ఆమె మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని పక్కనే పరిగెత్తింది. బావమరిది అందుకుని తాగి, ఖాళీ గ్లాసు తర్వాతి చుట్టులో ఇచ్చాడు. "అక్కా, నీళ్ళు చల్లగా ఉన్నాయే" అన్నాడు.

నిజానికి నీళ్ళు కావలసింది బండికి. ఇరుకు సందుల్లో చిన్న గేర్లో తిరిగీ తిరిగీ ఇంజను వేడెక్కింది. డయల్లో ముల్లు ఎర్రగీత మీదికి పాకింది. ఆపితే లేవదు. ఆపకపోతే ఇంజను బిగిసి పట్టేస్తుంది.

"బావా, ఊరు మొత్తానికి వాలు ఒక్కచోటే..."

"చెప్పకు!" అన్నాడు డ్రైవరు. కానీ అప్పటికే స్టీరింగు అటు తిప్పుతున్నాడు.

వరదొస్తే దుంగలు కొట్టుకుపోతాయని తోడల్లుడు తన కలప డిపో మాత్రం మట్టి పోయించి ఎత్తు చేయించుకున్నాడు. రోడ్డు మీంచి గేటు దాకా చక్కటి ఏటవాలు. డ్రైవరు పళ్ళు బిగించి బండిని వెనక్కి ఎక్కించాడు. ముక్కు రోడ్డు వైపు, తోక దుంగల వైపు. హమాలీలు చెల్లాచెదరయ్యారు.

కుర్చీలో తోడల్లుడు కదల్లేదు. "వచ్చావా తమ్ముడూ. దిగు, మొహం కడుక్కో" అని వేలితో బల్ల చూపించాడు. "చెప్పాగా, అక్కడే ఉన్నాయి."

ఇంజను ఆపే తీగ మీద పెట్టిన చెయ్యి డ్రైవరు తీసేశాడు. ప్రాణం పోయినా ఆ వేలు చూపించిన చోటికి వెళ్ళబుద్ధి కాలేదు. సరిగ్గా అప్పుడే బానెట్టు సందుల్లోంచి బుస్సుమని తెల్లటి పొగ లేచింది.

"ఏమిట్రా అది?" అన్నాడు తోడల్లుడు. చెవిలో పుల్ల ఆగిపోయింది.

'నీళ్ళు మరిగాయన్నయ్యా' అనబోయాడు డ్రైవరు. బావమరిది అతని తొడ మీద గట్టిగా గిల్లాడు.

"మిలిటరీ బండి కదా పెద్ద బావా. కోపమొస్తే అంతే" అన్నాడు.

"అంతే అంటే? పేలుతుందా?"

"అది చెప్పకూడదు."

తోడల్లుడికి కర్ర గురించి తెలిసినంత ఇంజను గురించి తెలియదు. ఆయన అంత చురుగ్గా లేవగలడని హమాలీలు అంతకుముందు ఎరగరు. కుర్చీ వెనక్కి పడింది.

"ఆపరా బాబూ! ఇక్కడంతా ఎండు కర్ర!"

"లోడుకింత కిరాయి. సరేనా అన్నయ్యా?" అన్నాడు డ్రైవరు పైనుంచి. ఆ సీటు ఎంత ఎత్తంటే, మొదటిసారి తోడల్లుడు అతని వంక తల పైకెత్తి చూడాల్సి వచ్చింది.

"ముందు ఆపు!"

"ముందు చెప్పండి."

బానెట్టు ఇంకోసారి బుసకొట్టింది.

"సరే! కిరాయే! కిరాయేరా నాయనా!"

"అందరూ విన్నారా?"

"విన్నాం!" అన్నారు హమాలీలు, గేటు అవతల నుంచి.

డ్రైవరు తీగ లాగాడు. ఇంజను ఆగింది. ఆ నిశ్శబ్దంలో లారీ కింద టపటపా నీళ్ళు కారుతున్న చప్పుడు వినిపించింది. తోడల్లుడు వంగి నీళ్ళు చూశాడు. చక్రాలు చూశాడు. కిందికి చూస్తున్న లారీ ముక్కు చూశాడు. తర్వాత డ్రైవరు మొహం చూశాడు. వ్యాపారం చేసినవాడికి ఆ మాత్రం చాలు. కుర్చీ నిలబెట్టుకుని తాపీగా కూర్చున్నాడు.

"అయితే రోజూ ఇక్కడే పెట్టాలన్నమాట."

డ్రైవరు దిగి చక్రానికి దుంగముక్క అడ్డం పెట్టాడు.

"పెట్టుకో తమ్ముడూ. అయినవాడివి, జాగాకి అద్దె అడుగుతానా? పొద్దున వచ్చి గేటు తియ్యి. సాయంత్రం మూసి వెళ్ళు. వాలు నాది కాబట్టి మొదటి లోడు నాది. కిరాయి మాత్రం కిరాయే, మాట తప్పను."

"అలాగే అన్నయ్యా" అన్నాడు డ్రైవరు.

బావా బావమరుదులిద్దరూ నడుచుకుంటూ ఇంటిదారి పట్టారు.

"ఇంతకీ నువ్వు గెలిచావా బావా, ఓడిపోయావా?"

"కిరాయికి ఒప్పుకున్నాడా లేదా?"

"ఒప్పుకున్నాడు."

"మరి?" అని డ్రైవరు ఛాతీ విరుచుకున్నాడు.

అన్నాళ్ళ ప్రయాణం చేసి లారీ కొనుక్కొచ్చిన మనిషి కాలినడకన ఇంటికి రావడం చూసి పెళ్ళాం ఎదురొచ్చింది. "బండేదండీ?"

"డిపోలో పెట్టాను."

"మళ్ళీ డిపోలోనా?"

"పిచ్చిదానా, ఇదివరకు డిపోలో ఉండేది నేను. ఇప్పుడు ఉన్నది నా బండి. మొదటి లోడు రేపే. కిరాయికి."

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. తమ్ముడి వంక చూసింది. తమ్ముడు ఆకాశం వంక చూశాడు.

"అయితే పొద్దున ఎన్నింటికి లేపాలి ఓనరుగారూ?"

గేటు తియ్యాలి, రేడియేటర్లో నీళ్ళు పొయ్యాలి, హమాలీలు వచ్చేలోపు బండి తుడవాలి. డ్రైవరు మనసులో లెక్క వేసుకున్నాడు.

"ఇదివరకటి కంటే ఓ గంట ముందు" అన్నాడు, మీసం మీద చెయ్యి తియ్యకుండానే.