ముచ్చట తిన్న నీడ

మిర్యాలగూడ రైస్‌మిల్లు ఆవరణలో పొద్దున్నే వడ్లు ఆరబోస్తారు. కూలికొచ్చే రంగి, ఎనిమిది నెలల కూతురు నిహారికను గోడ వారగా బొంత మీద పడుకోబెట్టి, కాళ్లతో వడ్లు తిరగేస్తూ దాంతో ఒకటే కబుర్లు చెబుతుంది. పిల్ల "ఊ" అంటే ఆగి వింటుంది, మళ్లీ అందుకుంటుంది.

పసిపిల్లల నీడలు అక్కడ పిల్లలకంటే ముందే ఎదుగుతాయి. నిహారికకు పాకడం కూడా రాలేదు గానీ, దాని నీడ అప్పుడే ఆవరణంతా తప్పటడుగులు వేస్తోంది. బస్తాలు మోసే హమాలీలు ఆగి దానికి దారి ఇచ్చేవాళ్లు.

మిల్లు యజమాని కోడలు శోభారాణి వరండాలోంచి అది చూసి కుమిలిపోయేది. ఆమె కొడుకు ఆకాష్‌దీ అదే ఈడు. వాడి నీడ వాడిలాగే వెల్లకిలా పడి ఉంటుంది. కోదాడలో ఆమె పుట్టింటివాళ్లు నమ్మేది ఒకటే: తెలివి పుట్టుకతోనే వస్తుంది, మాటలు రానివాడితో మాటలు దండగ. అందుకే పాలకు, నూనె మర్దనకు, వెండి గిలక్కాయకు లోటు చేయలేదు. మాట మాత్రం ఆడలేదు.

"నీ పిల్లకి ఏం పెడుతున్నావే?" అని ఒకరోజు ఉండబట్టలేక అడిగింది.

"ఏముంటదమ్మా, ముచ్చట పెడుతున్న," అంది రంగి.

అది వెటకారమనుకుంది శోభారాణి. "రేపట్నుంచి పిల్లని ఇక్కడికి తేవద్దు."

మర్నాడు రంగి కూతురిని అక్క దగ్గర వదిలి వచ్చింది. పది గంటలకు నిహారిక నీడ ఒక్కటే గేటు దాటి వచ్చింది. వరండా ఎక్కి ఆకాష్ నీడ చెయ్యి పట్టి లాగింది. అది లేవలేదు.

శోభారాణికి ఒళ్లు మండిపోయింది. కొడుకును ఒళ్లోకి లాక్కుంది. "చూడరా, దానికెంత పొగరో! అది నడుస్తుంటే నువ్విలా పడుంటే నాకెట్టా ఉంటదిరా? రోజూ కుళ్లి చస్తున్నాను."

ఆకాష్ ఆమె నోటివంకే చూస్తున్నాడు. "ఊ" అన్నాడు.

ఆమె ఉలిక్కిపడింది. "ఏందిరా? నీక్కూడా కోపమొచ్చిందా?"

"ఊఁ."

ఆ పూట అన్నం మీద మూత తియ్యలేదు. తన అసూయంతా, చిన్నప్పుడు తన అక్కతో పడ్డ పోటీలతో సహా, వాడికి చెప్పుకుంది. సాయంత్రానికి వాడి నీడ మోచేతుల మీద లేచింది.

తెల్లారి గేటు దగ్గర రంగిని ఆపింది. "రేపు నీ పిల్లని తీసుకురా. కానీ మావాడే ముందు నడుస్తాడు, చూస్తుండు."

"నడవనీయమ్మా, మంచిదే గద," అని నవ్వింది రంగి.

శోభారాణి నవ్వలేదు, ఆమెకు తీరిక లేదు. బస్తా మూతి ఎట్లా కుడతారో చంకలోని కొడుక్కి చెబుతోంది. ఎండ ఎక్కేసరికి నేలమీద వాడి నీడ, ఆమె నీడ కొంగు పట్టుకుని నిలబడింది.