మాట వినబడని టీవీ

ప్రేమమణి టీవీ చెక్కపెట్టె జారుడు తలుపులు రెండు పక్కలకీ తోసి, గుడ్డ పిండి అద్దం తుడిచింది. ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చుని పమిట సర్దుకుంది.

"పర్వతాలూ, కనిపిస్తున్నానా?"

నడవా అవతలి గదిలోంచి వాచ్‌మన్ పర్వతాలు గొంతు వినబడింది. "బొమ్మ ఉరుకుతున్నది అక్కా, జెర ఆగు." పెట్టె మీద రెండు దెబ్బలు పడ్డాయి. "ఇగో, వచ్చినవ్. జెర నవ్వరాదూ! రేషన్ కార్డు ఫోటో లెక్క కూసుంటివేంది?"

మారేడ్‌పల్లిలోని ఆ పాత బంగళాలో ఇప్పుడు కళాప్రదర్శనలు పెడుతున్నారు. ఎమిలీ అనే అమ్మాయి ఇళ్లలో మూలపడ్డ టీవీలు అడిగి తెచ్చి, రెండు గదుల్లో ఒక్కోటి పెట్టి, వాటి మీద చిన్న కెమెరాలు అమర్చింది. ఈ గదిలో కూర్చున్న మనిషి ఆ గది టీవీలో కనబడతాడు, ఆ గదిలో మనిషి ఇక్కడ. గది తలుపులు మూస్తే మాట మాత్రం వినబడదు. తుడవడం, పొద్దున్నే వేసి చూడడం, వచ్చినవాళ్లను కూర్చోబెట్టడం ప్రేమమణి పని. అంతకుముందు బడిలో ఆయాగా చేసింది.

ఆమె ఇంట్లో టీవీ లేదు. అమ్మ మంచాన పడ్డ రోజుల్లో ఓ ఆదివారం అక్క రోసమ్మ చర్చికి వెళ్తూ, అమ్మను కనిపెట్టుకుని ఉండమంది. పొద్దుటి పురాణం సీరియల్‌కి వీధంతా టీవీల ముందు చేరే కాలం అది. అమ్మ నిద్రపోతోంది కదా అని ప్రేమమణి పక్కింటి విజయమ్మ గుమ్మంలో కాసేపు నిలబడింది. తిరిగొచ్చేసరికి అమ్మ ప్రాణం పోయింది.

"అయిపోయిందా నీ టీవీ?" అంది రోసమ్మ. చెల్లెలితో ఆమె ఆడిన ఆఖరి మాట అదే. ఇద్దరూ బన్సీలాల్‌పేట్‌లోనే ముసలివాళ్లయ్యారు. చర్చిలో ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు కూర్చునేవారు.

ఈ రాత్రి రోసమ్మ నరసాపురం రైలెక్కుతోంది. టీచరు పని మానేశాక ఒంటరిగా ఉండలేక, పిన్ని కూతురి దగ్గర ఉండిపోవడానికే వెళ్తోంది. ఆ సంగతి చర్చిలో ఎవరో చెబితే, అక్కను ఒకసారి ఇక్కడికి రమ్మనడానికి ప్రేమమణి నిన్న పర్వతాలును పంపింది.

"ఏమందీ?" అని మళ్లీ అడిగింది.

"ఏమనలే అక్కా. నువ్వు చెప్పినట్టే చెప్పిన. మాట్లాడే పని లేదు టీచరమ్మా, ఆడ మాటే ఇనరాదు అన్న. మీదికెల్లి కిందిదాక చూసి చాయ్ ఇచ్చింది. చక్కెరే లేదు అండ్ల."

"అక్కకి షుగరు," అంది ప్రేమమణి.

కాలేజీ పిల్లలు కొందరు వచ్చి, టీవీలో ఒకరినొకరు వెక్కిరించుకుని పోయారు. మధ్యాహ్నం అన్నం సగం తిని ఆమె గిన్నె మూసేసింది. గేటు చప్పుడైతే చాలు, లేచి చూసేది. పోస్టుమాన్ వచ్చాడు. కరెంటు మనిషి వచ్చాడు. ఎండ వాలాక పర్వతాలు పరుగున వచ్చాడు.

"అక్కా, కూసో జల్ది. ఆమెను అవతల కూసోబెట్టిన."

తెలుపు నలుపుల్లో రోసమ్మ ముఖం వచ్చింది. దగ్గరగా చూస్తే ఎంత ముసలిదైందో! ప్రేమమణి చేతులు ఒళ్లో పెట్టుకుని, క్లాసులో పిల్లలా నిటారుగా కూర్చుంది. రోసమ్మ చాలాసేపు చూసింది. తర్వాత చెవి దగ్గర వేలు పెట్టి చూపించింది. జుట్టు రేగింది కాబోలని ప్రేమమణి సర్దుకుంది. అటు కాదన్నట్టు అక్క విసుగ్గా తలాడించింది. రెండో పక్క సర్దుకున్నాక సరేనన్నట్టు తలూపింది. ఆ వెంటనే ఆమె పెదవులు కదిలాయి.

"ఏంటక్కా?" అని ప్రేమమణి గట్టిగా అరిచింది, వినబడదని తెలిసి కూడా.

రోసమ్మ లేచి టీవీ దగ్గరికి వచ్చింది. తెర నిండా ఆమె చెంప, ఆ తర్వాత తెల్లని దారం పువ్వులు. అవి ఇక కదల్లేదు.

మోకాళ్లు పట్టుకుని లేచి, నడవా దాటి ప్రేమమణి ఆ గదిలోకి వెళ్లేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. పర్వతాలు గేటు దగ్గర్నుంచి వస్తున్నాడు.

"ఆటో ఎక్కింది అక్కా. రైలుకు సామాన్ సదురుకోవాల్నట. టీవీని గిట్ల ఉత్తగ పెడతరా, దుమ్ము పడదా అని సంచిలకెల్లి గుడ్డ తీసి కప్పిపోయింది. కెమెరా ఉన్నదమ్మా అంటే ఇంటేగా!"

ప్రేమమణి దాన్ని తీయలేదు. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన లేసు గుడ్డ అది. అమ్మ మంచం మీద పడుకునే చివరిదాకా అల్లుతూ వచ్చింది. ఒక మూల చివరి పువ్వు సగంలోనే ఆగి ఉంది, ఎవరూ తెంచని దారం కెమెరా ముందు సన్నగా వేలాడుతోంది.