అమ్మ తప్పితే మిఠాయి

నిన్న రాత్రి అంట్లు తోముతున్నాను. మా ఆయన వెనక నుంచి అన్నాడు, "రేపట్నుంచి ముందుగదిలో నీ బడి బంద్. చుట్టాలొస్తే కూర్చోబెట్టడానికి చోటు లేదు."

చుట్టాలెవరూ రారు. వచ్చినా కూర్చునేది ఆయన, నిలబడేది నేను. ఆ గదిలో సాయంత్రాలు మా వీధి ఆడవాళ్ళు చదువుకుంటారు. ఆస్పత్రి ఆయా, మిల్లులో దారాలు కత్తిరించే అక్కాచెల్లెళ్ళు, నాలుగిళ్ళలో వంట చేసే పిన్ని. పగలంతా ఆఫీసులో టైపు కొట్టి వచ్చి, ఇంటిల్లిపాదికీ టీ ఇచ్చి, అత్తయ్య కాళ్ళకి నూనె రాసి, అప్పుడు వాళ్ళ దగ్గర కూర్చుంటాను. అయినా అత్తయ్యకి కడుపుమంటే. "తల్లి బుద్ధి ఎక్కడికి పోతుంది? ఆవిడా అంతేగా, పిల్లల్ని కన్నాక పలక పట్టింది!"

అవును. మా అమ్మ అంతే.

నాన్న దర్జీ. కాజాలు కుట్టేది అమ్మ, బొత్తాలు కుట్టేది అమ్మ, మేస్త్రీ అన్న పేరు నాన్నది. కూలి అడిగితే "తిండి పెట్టట్లేదా?" అనేవాడు. ఆ తిండీ అమ్మే వండేది. పెద్దవాళ్ళ సాయంత్రం బడిలో చేరి పదో తరగతి పరీక్ష రాసింది. తప్పింది. ఆ రోజు నాన్న మిఠాయి తెచ్చి, పళ్లెం అమ్మ చేతికే ఇచ్చి వీధంతా తిప్పాడు. "తీసుకోండి వదినా, మా పంతులమ్మగారు తప్పారు!" జనం నోరు తీపి చేసుకుని మరీ నవ్వారు.

మళ్ళీ కూర్చుంది. ఈసారి నాన్న ఆవిడ పుస్తకం చింపి కాలర్ కొలతలకి కత్తిరించుకున్నాడు. "కాగితం కాగితమేగా, ఇలాగైనా పనికొచ్చింది." మేకుకి తగిలించిన ఆ కాలర్ ముక్కలు దించి అమ్మ చదివేది. వాక్యం మెడ దగ్గర తెగిపోయేది. "మిగతాది ఏమై ఉంటుందే?" అని నన్నడిగేది. చిన్నపిల్లని, నాకేం తెలుసు? మళ్ళీ తప్పింది. మళ్ళీ మిఠాయి.

"ఎందుకమ్మా నీకిదంతా?" అని ఏడిచాను. "కూర మాడితే ఇంకోసారి వండట్లేదా? ఊరుకో," అంది కాజా కుడుతూనే.

చివరికి పాసయింది. ఆ రోజు మిఠాయి లేదు. "దిద్దినవాడెవడో జాలిగుండె," అన్నాడు నాన్న. మర్నాటి నుంచే అమ్మ చుట్టుపక్కల ఆడవాళ్ళకి నేర్పడం మొదలుపెట్టింది. బిడ్డకి పట్టే మందు సీసా మీద ఏం రాసుందో చదువుకుంటే చాలంది. ఒకప్పుడు మిఠాయి తిని నవ్వినవాళ్ళే వచ్చి కూర్చున్నారు. అమ్మ ఎవర్నీ ఒక్క మాట దెప్పలేదు. నేనైతే దెప్పేదాన్ని. పోయేదాకా అమ్మకి ఆ నేర్పడమే పని. శవం ఇంకా వాకిట్లో ఉండగానే నాన్న అన్నాడు, "కాజాలకి ఇప్పుడెవర్ని వెతుక్కోవాలి?"

ఆ మాట విన్నాకే నేను ముందుగదిలో చాప పరిచాను. ఆ చాప ఎలా తీస్తాను?

ఇవాళ ఆఫీసు నుంచి వచ్చేసరికి ముందుగదికి తాళం. ఆడవాళ్ళు పక్కసందులో పలకలు పట్టుకుని నిలబడి ఉన్నారు. మా ఆయన తాళంచెవి వేలికి తిప్పుతున్నాడు. అత్తయ్య గుమ్మంలో నిలబడి, "ఓనమాలు దిద్దకపోతే వీళ్ళకి పొద్దు గడవదా?" అంది. ఆయా తల వంచుకుంది. "వద్దులేమ్మా, మా మూలంగా నీ సంసారం పాడవ్వడం ఎందుకు?"

"నా సంసారం సంగతి నేను చూసుకుంటా. మీరు పెరటి వైపు నుంచి రండి," అన్నాను.

"ఎక్కడికి?" అన్నాడు ఆయన.

"ముందుగది మీదే. మరి వంటిల్లు నాదని నేను కాపురానికొచ్చిన రోజే మీ అమ్మగారు చెప్పారు కదా."

అందర్నీ వంటింట్లో కూర్చోబెట్టి రెండు తలుపులకీ గడియ పెట్టాను. పిన్ని అలవాటుగా పొయ్యి వైపు చూసింది. వద్దన్నాను. అక్షరాలు మొదలయ్యాయి. కాసేపటికి మా ఆయన తలుపు దబదబా బాదాడు.

"ఏమే! అన్నం ఎప్పుడు?"

"ఇది బడి. ఇక్కడ వండరు."