పడమటి నీడ

ఎన్నికల ఏడు జనవరి వచ్చిందంటే ఆర్డిత్ వోల్మర్ వంటింట్లో కాబోయే అధ్యక్షులు వరస కట్టి కాఫీ తాగిపోతుంటారు. అయోవా రాష్ట్రంవాళ్ళకి అదేం వింత కాదు. దేశంలో అందరికంటే ముందు కాకస్, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఊరి సభ, పెట్టుకునేది వాళ్ళే గనక, నాలుగేళ్ళకోసారి ఏ పందుల రైతు గుమ్మం తొక్కినా ఒక అభ్యర్థి కనపడతాడు. ఆర్డిత్ పొద్దున్నే లేచి, కోళ్ళకి మేత వేసి, నీళ్ళతొట్టి మీద గడ్డకట్టిన మంచు గొడ్డలితో పగలగొట్టి, పొయ్యి మీద కాఫీ పెట్టేసరికి ఎవరో ఒకరు మెట్ల మీద బూట్లు దులుపుకుంటూ ఉంటారు.

వచ్చినవాళ్ళంతా వేరుశనగ బార్లు తింటారు, బాగున్నాయంటారు, చివరికి మాత్రం అందరిదీ ఒకటే పాట.

"మీ అమ్మాయి గనక నిలబడితే మేమెవరమూ ఈ పోటీలోకి వచ్చేవాళ్ళమే కాదమ్మా. ఏం చేస్తాం, చట్టం అలా ఉంది. పాపం!"

ఆ 'పాపం' వింటే ఆర్డిత్‌కి అరికాలి మంట నెత్తికెక్కేది.

ఆమె కూతురు కొరిన్ ఆ రాష్ట్రానికి గవర్నరు. ఒకసారి కాదు, రెండుసార్లు గెలిచింది. రాష్ట్రం తూర్పు అంచున నది ఊళ్ళమీద పడ్డప్పుడు నడుంలోతు నీళ్ళలో నిలబడి ఇసుకబస్తాలు అందించిన మనిషి. దేశమంతా ఆమె పేరే అనుకుంటోంది. కానీ కొరిన్ కొరియాలో పుట్టింది. ఐదు నెలల పిల్లప్పుడు ఆర్డిత్, డెల్బర్ట్ దంపతులు పెంపకానికి తెచ్చుకున్నారు. ఈ దేశంలో పౌరులుగా పుట్టినవాళ్ళే అధ్యక్షులు కావాలని రెండొందల ఏళ్ళ కిందట విగ్గులు పెట్టుకున్న పెద్దమనుషులు రాసిపెట్టి పోయారు. పందుల దొడ్డి కడిగినా, బడిలో జెండా ఎగరేసినా, రాష్ట్రాన్ని ఏలినా సరే, ఆ ఒక్క గుమ్మం మాత్రం దాటకూడదట! తను పోయేలోపు కూతురు ఆ గుమ్మం దాటటం చూడాలన్నది ఆర్డిత్ పంతం. డెల్బర్ట్ చూడకుండానే పోయాడు. ఆమెకేమో ఎనభై దగ్గరపడుతున్నాయి.

పైగా దాచుకుందామన్నా దాగే సంగతి కాదిది. ఎండ ఎటు కాసినా, దీపం ఎక్కడున్నా, మనిషి నీడ పుట్టిన చోటువైపే పడుతుంది కదా. ఊళ్ళో పిల్లల నీడలన్నీ కౌంటీ ఆసుపత్రి వైపు బారులు తీరి ఉంటాయి. ఆర్డిత్ ఆ ఇంటి ముందుగదిలోనే పుట్టింది కాబట్టి, ఆ గదిలోకి అడుగుపెడితే చాలు, ఆమె నీడ పిల్లిలా కాళ్ళ కిందికి ముడుచుకుంటుంది. కొరిన్ నీడ మాత్రం చిన్నప్పటినుంచీ పడమటికే. పొలంలో ఉన్నా పడమటికే, రాజధాని డెమోయిన్‌లో మెట్లమీద నిలబడి ప్రమాణం చేసినా పడమటికే. అటు సముద్రం, ఆ సముద్రం అవతల కొరియా. ఎన్నికలొచ్చినప్పుడల్లా గిట్టనివాళ్ళు ఆ నీడని టీవీలో చూపించి, "చూశారా, మనసెటుందో!" అని దీర్ఘాలు తీసేవాళ్ళు.

ఆర్డిత్ ఊరుకునే రకం కాదు. కాకస్ ముగిశాక ఎవరైనా ఒక తీర్మానం పెట్టొచ్చని నియమం ఉంది. ప్రతి కాకస్‌లోనూ ఆమె లేచి, 'విదేశంలో పుట్టిన పౌరులకి కూడా అధ్యక్ష పదవికి పోటీచేసే హక్కుండాలి' అని తీర్మానం పెట్టేది. తీరా ఆ ఘడియ వచ్చేసరికి జనమంతా లేచి కోట్లు తొడుక్కుంటూ ఉండేవాళ్ళు. లెక్కింపు అయిపోయింది, బయట మంచు, పొద్దున్నే గొడ్ల పని. సభకి పెద్దగా కూర్చునే హార్లన్ బుడ్కీ ఆ తీర్మానాన్ని ఖాళీ కుర్చీలకి గొణుగుతూ చదివేవాడు. చెవిటివాడి ముందు శంఖమైనా నయం, వాడు కనీసం కూర్చుని ఉంటాడు. మిగిలేది ఆర్డిత్, ఆమెకి తోడు చంథా. చంథా లావోస్‌లో పుట్టి, ఆరేళ్ళ పిల్లగా శరణార్థుల శిబిరం నుంచి వచ్చి, ఇప్పుడా ఊరి బడి బస్సు నడుపుతోంది.

"ఈసారైనా వింటారంటావా పెద్దమ్మా?" అని అడిగేది చంథా.

"వినకపోతే చెవులు పట్టుకుని కూర్చోబెడతా," అనేది ఆర్డిత్. ఎవరి చెవులూ అందేవి కావు.

ఈ ఏడు కాకస్‌కి రెండురోజుల ముందు, ఎప్పుడూ సభ జరిగే లైబ్రరీలో వేడినీళ్ళ గొట్టం పగిలింది. దాంతో కాకస్‌ని పడమటి దిక్కున పక్కూరు ఫాక్స్ క్రీక్‌కి మార్చారు. అక్కడ పాత బడి ఎప్పుడో మూతపడింది. దాని ఆటల హాలు మాత్రం మిగిలింది. చుట్టుపక్కల వాళ్ళు మొక్కజొన్న విత్తనాల బస్తాలు దాచుకుంటారు అందులో.

రోడ్డంతా మంచు అని, తల్లిని దింపడానికి కొరినే బండి తోలుకుంటూ వచ్చింది. దారిలో ఆర్డిత్ ఒకటే నస.

"నువ్వు ఒక్కసారి గట్టిగా అడగవేమే? కోర్టుకి పోరాదూ?"

"అమ్మా, వదిలెయ్. నాకున్నది చాలు."

"చాలదు! నీకు చాలితే నాకు చాలదు. వచ్చినవాడల్లా నిన్ను 'పాపం' అంటుంటే ఎన్నాళ్ళని కాఫీ పోస్తూ వినను?"

కొరిన్ రోడ్డు మీదినుంచి చూపు తిప్పకుండా అంది:

"నీకొకటి చెప్పలేదు. ముప్ఫై ఏళ్ళప్పుడు కొరియా వెళ్ళాను కదా. పుట్టిన ఊరికి పోయి నిలబడ్డాను, నీడ కాళ్ళ కిందికి ముడుచుకుంటుందేమో అని. ముడుచుకోలేదమ్మా. వెనక్కి తిరిగి సముద్రం వైపు పడింది. ఆ ఊరిక్కూడా నేను అక్కర్లేదనుకున్నాను. సత్రం గదిలో కూర్చుని ఏడ్చాను. ఏ ఊరూ లేనిదాన్ని, ఏ మొహం పెట్టుకుని దేశాన్ని అడగను?"

ఇన్నేళ్ళూ బిడ్డ ఇది ఒక్కతే మోసిందా అనుకుంది ఆర్డిత్. కోపం వచ్చింది. కూతురి మీదో, కొరియా మీదో, ఆ విగ్గుల పెద్దమనుషుల మీదో ఆమెకే తెలియలేదు.

ఫాక్స్ క్రీక్ హాల్లో పెద్ద దీపాలు వెలుగుతున్నాయి. గవర్నరు లోపలికొస్తే జనం మీద ఒత్తిడి పెట్టినట్టుంటుందని కొరిన్ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. చంథా తెచ్చిన వేయించిన రోల్స్ అప్పటికే సగం ఖాళీ. హార్లన్ గొంతు సవరించుకుని, "ఇక ఎవరి మూలకి వాళ్ళు పదండి!" అన్నాడు. కాకస్ అంటే అంతే మరి, నచ్చిన అభ్యర్థి పేరు పెట్టిన మూలకి నడిచి నిలబడటం. జనం నలుగురు అభ్యర్థుల మూలల్లోకి చీలిపోయారు.

ఆర్డిత్ ఏ మూలకీ వెళ్ళలేదు. హాలు అవతలి కొసన, బాస్కెట్‌బాల్ చట్రం కింద, బస్తాల పక్కన పోయి నిలబడింది.

"ఆర్డిత్, అది ఎవరి మూలా కాదు," అన్నాడు హార్లన్.

"నా కూతురి మూల."

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. హార్లన్ తల పట్టుకున్నాడు. అతనేమీ చెడ్డవాడు కాదు. డెల్బర్ట్‌తో కలిసి చదువుకున్నవాడు. కౌంటీ ఆఫీసులో జనన రికార్డుల గుమాస్తాగా రిటైరయ్యాడు. ఆసుపత్రి తగలబడి కాగితాలు బూడిదైనప్పుడు ఊరి జనాన్నంతా ఎండలో నిలబెట్టి, నీడ వెంట నడిచి, అది ముడుచుకున్న చోటు చూసి పుట్టిన చోటు రాసిచ్చింది అతనే. ఆ కాగితాలని ఏ కోర్టైనా కళ్ళకద్దుకుంది. కాకపోతే నియమం నియమమే అనే మొండి మనిషి.

"ఆ పేరు పనికిరాదు. పైగా మూలకి నూటికి పదిహేను మంది ఉండాలి. నువ్వొక్కదానివే. వేరే మూలకన్నా పో, ఇంటికన్నా పో."

"పోను."

"ఎందుకే ఈ పంతం? అక్కడే ఎందుకు నిలబడాలి?"

"ఎందుకా? దాన్ని నా చేతికిచ్చింది ఇక్కడే గనక!" ఆర్డిత్ గొంతు హాలంతా మోగింది. "పడమటి పక్క ఒమాహాలో విమానం దిగి బిడ్డని మా ఇంటికి తెస్తున్న దత్తత సంస్థ ఆవిడ మంచుతుఫానులో ముందుకు కదల్లేక ఈ హాల్లో తలదాచుకుంది. డెల్బర్ట్ ట్రాక్టరు తీశాడు. ఇద్దరం గడ్డకట్టుకుపోతూ వచ్చాం. ఇదిగో, ఈ చట్రం కిందే దుప్పట్లో చుట్టి నా చేతుల్లో పెట్టింది. ఆ వేసవికే బడి మూసేశారు. మళ్ళీ ఈ గడప తొక్కడం ఇవాళే. ఇక్కణ్ణించి నన్ను కదిలించేదెవరో చూస్తాను!"

ఇప్పుడెవరూ నవ్వలేదు. గుమ్మం దగ్గర కొరిన్‌కి తల కొట్టేసినట్టయింది. డెబ్బై తొమ్మిదేళ్ళ తల్లి, నలుగురి ముందు, పనికిరాని పేరు కోసం ఒంటరిగా. ఇక ఆగలేక హాల్లోకి నడిచింది.

"అమ్మా, పద. ఇంటికి పోదాం."

కొరిన్ నీడ ఎప్పటిలాగే ఆమెకి ముందు పడమటికి పాకుతోంది. సగం హాలు దాటేసరికి అది కురచబడింది. ఇంకో నాలుగడుగులకి మోకాలంత అయింది. అందరికంటే ముందు చూసింది చంథా. "పెద్దమ్మా, నేల చూడు," అంది మెల్లగా.

కొరిన్ చట్రం కిందికి వచ్చి తల్లి చెయ్యి పట్టుకుంది. నీడ బుద్ధిగా వచ్చి ఆమె కాళ్ళ కింద ముడుచుకుంది.

కొరిన్ కిందికి చూసి, ఒక అడుగు వెనక్కి వేసింది. నీడ బయటికి వచ్చి చట్రం వైపు పడింది. మళ్ళీ ముందుకి వేసింది. మళ్ళీ ముడుచుకుంది.

"కొరియాలో వెనక్కి పడింది ఇందుకా..." అంది. "ఇక్కడికా అమ్మా, అది చూసింది?"

"నలభై ఎనిమిదేళ్ళు!" ఆర్డిత్ ఏడుస్తూ తిట్టడం మొదలెట్టింది. "పడమర అంటే కొరియా అనేసుకున్నాం అందరం. ఆ నీడ ఎంతదూరం పోతోందో ఒక్కడు నడిచి చూడలేదు. నేను కూడా! కన్నతల్లిననుకుంటూ నేను కూడా చూడలేదు, నా మొహం మండా!"

హార్లన్ కుంటుకుంటూ వచ్చాడు. పాత అలవాటు ప్రకారం వంగి, కొరిన్ బూట్ల చుట్టూ నేలని చేత్తో తడిమి చూశాడు. లేచి, కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"పుట్టిన చోటు ఫాక్స్ క్రీక్, అయోవా," అన్నాడు. "నేను సంతకం పెడతాను. ఇప్పుడేమంటావు గవర్నరమ్మా, నీ పేరు పిలవనా?"

కొరిన్ తల్లి వైపు చూసింది. దారిలో 'చాలు' అన్న మనిషి చూపు కాదది. "పిలవండి," అంది.

ఒక్కసారిగా మూలలన్నీ కదిలాయి. బూట్ల చప్పుడుతో హాలు దద్దరిల్లింది. చట్రం కింద చోటు చాలక బస్తాలు పక్కకి జరిపారు. నూటికి పదిహేను కాదు, మిగతా మూలల్లో మొహమాటానికి కొందరు తప్ప ఎవరూ మిగల్లేదు. హార్లన్ లెక్కపెట్టి, సుత్తితో బల్ల కొట్టాడు.

"శుభం. ఇక ఆ తీర్మానంతో పనిలేదు కదా ఆర్డిత్? పిల్ల ఇక్కడిదేనని తేలిపోయింది."

జనం సంతోషంగా నవ్వుకుంటూ కోట్లు అందుకున్నారు.

ఆర్డిత్ చూసింది. అదే చప్పుడు, అవే జిప్పులు. ఆ కోట్ల మధ్య చంథా ఖాళీ పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది. ఆమె కూడా నవ్వుతూనే ఉంది. ఆమె నీడ హాలు పొడుగునా సాగి, గోడ ఎక్కి, కిటికీలోంచి చీకట్లోకి పోతోంది. అది లావోస్ దాకా పోతుంది, దారిలో ఎక్కడా ఆగదు. తలుపు వైపు వెళ్ళేవాళ్ళు దాన్ని తొక్కుకుంటూ పోతున్నారు.

"ఆగండి!" ఆర్డిత్ అరుపుకి హార్లన్ చేతిలో సుత్తి జారింది. "పనిలేదా? నా బిడ్డ నీడ ఆ కొరియాకే పోయుంటే ఏం చేసేవాళ్ళురా? నీళ్ళలో అది మోసిన బస్తాలు తేలికైపోయేవా? మీ పిల్లల్ని పొద్దున్నే మంచులో బడికి చేరవేసే చంథా నీడ ఎక్కడ ముడుచుకుంటుంది? ఆమె కోసం ఇంకో హాలు వెతకమంటావా హార్లన్?"

"పెద్దమ్మా, పోనీలే..." అంది చంథా.

"పోనియ్యను! నువ్వు ఊరుకో!"

కొరిన్ చట్రం కిందినుంచి బయటికి వచ్చింది. నీడ ఆమె వెనక మళ్ళీ సాగింది. ఆమె నేరుగా వెళ్ళి, చంథా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

హార్లన్ చాలాసేపు చంథా నీడనే చూశాడు. ఆఖరికి బల్ల దగ్గరికి వెళ్ళాడు. తీర్మానం అతనికి నోటికి వచ్చు. ఇన్నేళ్ళూ గొణిగిన ఆ మాటల్ని ఈసారి నిలబడి, గొంతెత్తి చదివాడు. చదివి, "బలపరిచేవాళ్ళు చేతులెత్తండి," అన్నాడు. ముందుగా ఎత్తింది తన చెయ్యే.

ఎవరూ కోటు తొడుక్కోలేదు.